‘గాడు’కీ ‘గారు’కీ మధ్య ఒక ఉలిదెబ్బ

2022వ సంవత్సరం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళు నిండాయని ఊరూరా జెండాలు కట్టిన ఏడు. రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండుకి కాస్త ఎడంగా నాకో చిన్న షాపు ఉంది. ‘శిలాఫలకములు, సమాధి రాళ్ళు, గృహప్రవేశం పలకలు’ అని బోర్డు. మనిషికి పుట్టుక తప్ప తక్కినవన్నీ మా దగ్గర దొరుకుతాయని వచ్చినవాళ్ళతో అంటుంటాను. కొందరు నవ్వుతారు. సమాధి రాయి కోసం వచ్చినవాళ్ళు నవ్వరు. మనిషిని చూసి జోకు వెయ్యడం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదవమని హెడ్మాస్టరు గారు ఎంతో ఆదరంగా అడిగారు గాని, ఆయనకి శ్రమ ఇవ్వడం ఇష్టంలేక వచ్చేశాను. అలా బడి నుంచి వచ్చినవాణ్ణి మా పెదనాన్న ఉలి దగ్గర కూర్చోబెట్టాడు. తెలుగు మేష్టారు అయిదేళ్ళు కొట్టినా రాని ఒత్తులూ గుడులూ పెదనాన్న ఆరు నెలల్లో నేర్పాడు. ఆయన చెప్పింది ఒకటే మాట: “ఒరేయ్ సూరిగా, రాయి మీద రబ్బరు పనిచెయ్యదురా.”

ఇప్పుడు ఉలి ఎవరికి కావాలి? కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టి, స్టిక్కర్ మీద కోయించి, ఆ స్టిక్కర్ రాయికి అంటించి, పైపుతో ఇసక చిమ్ముతాం. దీన్ని శాండ్ బ్లాస్టింగ్ అంటారు. స్టిక్కర్ లేనిచోట ఇసక రాయిని తినేస్తుంది. అక్షరం దిగుతుంది. పొద్దున్న ఆర్డరు ఇస్తే సాయంత్రానికి పలక సిద్ధం. చప్పుడు మాత్రం గాలి కంప్రెసర్ చప్పుడు. ఉలి చప్పుడు వేరు. పెదనాన్న పనిచేస్తుంటే ఏ అక్షరం చెక్కుతున్నాడో మా పెద్దమ్మ వంటింట్లోంచే చెప్పేసేది. ‘ళ’ వస్తే ఎక్కువసేపు, ‘గ’ వస్తే నాలుగు దెబ్బలు.

ఆ ఏడు మండపేట దాటాక కాలువ గట్టున ఒక స్తూపం కట్టారు. తెల్లవాళ్ళ మీద తిరగబడిన రోజుల్లో, ఆ గట్టు మీదే జరిగిన కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. వాళ్ళకి జాతీయ స్మారకం. ఢిల్లీ నుంచి మంజూరైంది, ఢిల్లీ నుంచే పెద్దాయన వచ్చి తెరుస్తాడు. పేర్లు ఇసకతో చిమ్మకూడదని, చేత్తో వీ కట్‌లో చెక్కాలని కాగితంలో ఉంది. వీ కట్ అంటే అక్షరం గాడి లోపల వాలుగా రెండు వైపుల నుంచి దిగి అడుగున కలుస్తుంది. రంగు వెయ్యకపోయినా ఎండ పడగానే నీడలో అక్షరం తనంతట తనే కనిపిస్తుంది. చేత్తో అలా చెక్కేవాళ్ళు మా చుట్టుపక్కల ముగ్గురే మిగిలారు. ఒకాయనకి కళ్ళాపరేషను. ఇంకొకాయన అప్పటికే నా దగ్గర చెక్కిన రాయి కింద ఉన్నాడు. అలా ఆ పని నాకు వచ్చింది.

పని చూసేది అసిస్టెంట్ ఇంజినీరు. మేం ఏఈ గారు అనేవాళ్ళం. కోనసీమ మనిషి, మర్యాద ఒంట్లో రక్తంలా ప్రవహిస్తుంటుంది. రాయి పక్కన పడుకున్న కుక్కని కూడా “కొంచెం పక్కకి జరగండి” అనడం నేను ఈ చెవులతో విన్నాను. కుక్క జరిగింది కూడా.

చెక్కేముందు నేను అక్షరాలన్నీ అసలు సైజులో కాగితం మీద రాసి ఆఫీసుకి ఇవ్వాలి. దాన్ని ప్రూఫ్ అంటాం. వాళ్ళు తప్పులు చూసి సంతకం పెడితే, ఆ కాగితం కింద కార్బన్ పెట్టి రాయి మీదికి దించుకుంటాను. ప్రూఫ్ చూడటానికి ఏఈ గారు ఒక రిటైరైన తెలుగు లెక్చరర్ని, కమిటీ వాళ్ళు అయిదుగురిని పిలిపించారు. పై వరసలో ‘స్వాతంత్ర్యం’ అనే మాట ఉంది. అందులో ‘త’ కింద రావత్తు ముందా, యావత్తు ముందా అన్న దగ్గర పట్టుకున్నారు. పొద్దున్న పదింటికి మొదలెడితే మధ్యాహ్నం భోజనాలకి కూడా తేలలేదు. ఒకాయన వార్తాపత్రిక చూపించాడు, లెక్చరర్ గారు నిఘంటువు తెరిచారు, ఇంకొకాయన అలిగి కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. తెల్లవాళ్ళు కూడా ఇంత సేపు వాదించలేదేమో. చివరికి రావత్తు గెలిచింది. అందరూ అలసిపోయారు. కింద పేర్లు చదివే ఓపిక ఎవరికీ లేదు. ఏఈ గారు సంతకం పెట్టి స్టాంపు కొట్టారు.

రాయిని చెక్కదిమ్మల మీద పడుకోబెట్టి, పైన టెంటు వేసి పని మొదలెట్టాను. అయిదో రోజున ఒక ముసలామె వచ్చింది. ఎనభై ఏళ్ళుంటాయి. చేతిలో స్టీలు టిఫిన్ గిన్నె. టెంటు బయట ఎండలో నిలబడి ఉంటే, “లోపలికి వచ్చి కూర్చోండి మామ్మగారూ” అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, నేను పిలిచిన మామ్మగారు ఎవరా అని.

“మిమ్మల్నేనండి.”

“నన్నా? నేను చిట్టెమ్మని బాబూ. పేటలోంచి వచ్చాను. ఈ రాయి మీద మా నాన్న పేరుందంట.”

“ఏ పేరండి?”

“పోలయ్య. ఆఖరునుంటాడు చూడు.”

జాబితా తీసి చూశాను. ఆఖరున, పదకొండో పేరు ‘పోలి’తోనే మొదలవుతోంది. నేను పైనుంచి మూడో పేరులో ఉన్నాను. “ఇంకా ఎనిమిది మంది ముందున్నారు మామ్మగారూ. మీ నాన్నగారు క్యూలో ఉన్నారు” అన్నాను.

“ఎప్పుడూ ఆఖరే ఆయన” అని నవ్వింది.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. రాగానే అడిగే ప్రశ్న ఒకటే: “ఇయ్యాల మా నాన్న వత్తాడా బాబూ?” “ఇవాళ రారండి, ఆరో ఆయన ఇంటిపేరు బాగా పొడుగు.” నేను చెక్కుతుంటే ఆమె నాపరాయి ముక్క మీద కూర్చుని మాట్లాడేది. నాకు పనిలో మాట్లాడేవాళ్ళుంటే చెయ్యి బాగా సాగుతుంది. పెదనాన్న పోయాక ఉలి చప్పుడు వింటూ నా పక్కన అంతసేపు కూర్చున్న మనిషి ఆమే. మధ్యాహ్నం గిన్నె తెరిచి చద్దన్నంలో చింతకాయ పచ్చడి కలిపి నాకూ సగం పెట్టేది. మా ఇంట్లో క్యారేజీ ఇస్తారని చెప్పినా వినలేదు. ఇంటికి తిరిగొచ్చిన క్యారేజీ మూత తీసి మా ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. “ఎవరు పెడుతున్నారు అన్నం?” అంది. “ఎనభై ఏళ్ళ ఆవిడ” అన్నాను. నమ్మలేదు.

తండ్రి పోయేనాటికి ఆమె ఇంకా తల్లి కడుపులో ఉందట. ఆయన కాలువ మీద పడవలకి బస్తాలు ఎత్తే కూలీ.

“ఊరేగింపుకి ఎల్లలేదంట బాబూ ఆయన. బస్తా దించి తలపాగా దులుపుకుంటన్నాడంట. జెండా పట్టుకున్నాయనకి దెబ్బ తగిలి జెండా ఒరిగిపోతంటే, పడిపోద్దని పట్టుకున్నాడంట. అంతే.”

“ఎవరు చెప్పారండి?”

“మా అమ్మ. జెండా ఏంటో దానికి తెలీదు. కర్ర కింద పడితే ఎవరికన్నా తగులుద్దని పట్టుకుని ఉంటాడులే అనేది.”

నేను ఉలి ఆపి నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

పదిహేడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి పేరు పూర్తయింది. ప్రారంభం ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. మర్నాడు క్రేన్ వచ్చి రాయిని నిలబెడుతుంది. గాడిలో దుమ్ము కుంచెతో తుడిచి, తడిగుడ్డ పెట్టి, “రండి మామ్మగారూ, మీ నాన్నగారు వచ్చేశారు” అన్నాను. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని వచ్చింది. చదువు రాదు. వేలితో మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా తడుముతూ, “సదువు బాబూ” అంది.

“పోలిగారు” అని చదివాను.

వేలు ఆగిపోయింది. “ఏంటీ?”

“పోలిగారు అండి.”

ముందు నవ్వింది. “గారా? మా నాన్నకా?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“తప్పు రాసేవు బాబూ. కాగితంలో అలా లేదు. తీసి చూడు.”

జాబితా తీశాను. జిరాక్సుకి జిరాక్సు, దానికి జిరాక్సు. పైన పది పేర్లకీ ముందు ‘శ్రీ’, చివర ‘గారు’. అవి కుటుంబాల వాళ్ళు ఇచ్చిన కాగితాల్లోంచి వచ్చిన పేర్లు. పదకొండోది పాత పోలీసు కాగితంలోంచి దించింది. శ్రీ లేదు, ఇంటిపేరు లేదు. ‘పోలిగాడు, కూలీ.’

నేను ఆ కాగితాన్ని ప్రూఫ్ రాసేటప్పుడు చూడకపోలేదు. చూశాను. చూసి ఏమనుకున్నానో నాకిప్పటికీ గుర్తు. పై పది పేర్లకీ ‘గారు’ ఉంది కాబట్టి ఇక్కడ ‘రు’ కొట్టబోయి ‘డు’ కొట్టారు, అచ్చుతప్పు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కుతున్నాను. బతికుండగా ఎంత తిట్టుకున్న మనిషినైనా రాయి మీద ‘గాడు’ అని రాయించినవాణ్ణి చూడలేదు. అందుకని దిద్దాను. కొందరు ఇప్పుడు నేను కావాలనే చేశానంటారు. అంత తెలివే ఉంటే ఏడో తరగతి పాసయ్యేవాణ్ణి. నా జన్మలో నేను కనిపెట్టి దిద్దిన మొదటి తప్పు అది. అదీ తప్పే అయింది.

“పోనీలెండి మామ్మగారూ, ‘గారు’ అంటే మంచిదేగా” అన్నాను.

“నీకు తెలీదు బాబూ.” ఆమె మళ్ళీ నాపరాయి మీద కూర్చుంది. “మూడుసార్లు అర్జీ పెట్టాను. పోలయ్య కూతుర్ని అని. మూడుసార్లూ తిప్పి పంపేరు. మా కాగితంలో పోలయ్య లేడు, పోలిగాడున్నాడు, పోలయ్యెవరో పోలిగాడెవరో అన్నారు. నాలుగోసారి నేనే ఎల్లి, చేతులు కట్టుకుని, ఔనండి, పోలిగాడి కూతుర్నండి అని సెప్పేను. నా నోటితో. అప్పుడెక్కింది పేరు.”

నేను కుంచె తీసుకుని తుడిచిన గాడినే మళ్ళీ తుడిచాను.

“ఇప్పుడు కాగితంలో ఒకటీ రాయి మీద ఒకటీ ఉంటే మళ్ళీ తీసేత్తారు. గాడు అనే పెట్టెయ్ బాబూ. గాడైతే ఏంటి, పేరంటూ ఉండాలిగా. మనవలొచ్చి చూసుకోవాలిగా.”

సరిగ్గా అప్పుడే ఏఈ గారి జీపు ఆగింది. నా అదృష్టం ఎప్పుడూ టైముకి వస్తుంది.

దాచడానికేముంది, చెప్పేశాను. ఆయన జాబితా చూశారు, రాయి చూశారు, మళ్ళీ జాబితా చూశారు. చొక్కా వీపు తడిసిపోయింది.

“ఏంటండి సూర్రావు గారూ ఇది! ఢిల్లీ నుంచి వచ్చేవాళ్ళ చేతిలో ఈ జాబితానే ఉంటుందండి. ఒక్కో పేరు సరిచూస్తారు. దిద్దెయ్యండి.”

“దిద్దడానికి వీల్లేదండి.”

“అదేంటి? ఒక్క అక్షరమేగా?”

పనివాడి మాటగా చెప్పాను. రాతిలో తియ్యగలం గాని పెట్టలేం. ‘డ’ అంటే నోరు తెరిచిన సున్నా, ‘ర’ అంటే నోరు మూసిన సున్నా. తెరిచిన నోటిని ఇంకో గాడి తీసి మూసెయ్యొచ్చు. మూసిన నోటిని తెరవాలంటే, పోయిన రాయిని మళ్ళీ తెచ్చి నింపాలి. “గాడుని గారు చెయ్యగలనండి. గారుని గాడు చెయ్యడం మాత్రం ఉలి వల్ల కాదు.”

“లప్పం పెట్టండి” అన్నారు. లప్పం అంటే రాతిపొడి కలిపిన బంక. గాడి నింపి, ఆరాక పాలిష్ పట్టి, దాని మీద మళ్ళీ చెక్కొచ్చు. అదీ నిజమే. ప్రారంభం రోజుకి ఎవరికీ తెలియదు. మూడు వానలు పడ్డాక ఊడుతుంది. అప్పుడు గారూ ఉండదు, గాడూ ఉండదు, గుంట ఉంటుంది.

“లేకపోతే ఆ వరస మొత్తం అరగదీసి నున్నగా చేసెయ్యండి. పది పేర్లతో తెరుద్దాం. తరవాత చూద్దాం” అన్నారు ఏఈ గారు. చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి.

మామ్మగారు లేచి నిలబడింది. “బాబూ, లప్పమే పెట్టించండి. తీసెయ్యకండి బాబూ. గాడే మా నాన్న. నేను సంతకం... వేలిముద్ర ఏత్తాను.”

ఏఈ గారు అప్పుడు గాని ఆమెని చూడలేదు. “ఈవిడెవరండి?” అన్నారు మెల్లగా.

“ఆఖరి పేరుగలాయన కూతురండి.”

నా సంచీలో ప్రూఫ్ ఉంది. ‘పోలిగారు’ అన్న అక్షరాల కింద ఆయన సంతకం, స్టాంపు ఉన్నాయి. తీసి చూపిస్తే ఆయన పని అయిపోతుంది. నా చెయ్యి సంచీ మీదికి వెళ్ళింది కూడా. కాని ఆయన సంతకంతో ఆయన్ని కట్టేస్తే ‘గారు’ అక్కడ భయానికి ఉన్నట్టవుతుంది. అందుకని నోటిదాకా వచ్చిన జోకు కూడా మింగేసి, ఇంకోటి అడిగాను.

“సార్, దిద్దేముందు ఒక్కసారి పేర్లన్నీ పైకి చదవండి. ఇంకేమన్నా తప్పులుంటే అన్నీ కలిపి చూద్దాం. ప్రూఫ్ రోజున చదవలేదు కదండి.”

ఆయన జాబితా చేతిలో పట్టుకుని చదవడం మొదలెట్టారు. శ్రీ ఫలానా గారు. నేను రాయి మీద వేలు పెట్టి, సరిపోయిందండి అంటున్నాను. ఒకటి, రెండు, మూడు. పది దాకా వచ్చారు. పదకొండో పేరు దగ్గర “పోలి...” అని ఆగారు. ఎదురుగా ఆమె, చేతులు కట్టుకుని, ఆ ముక్క పడటానికి తయారుగా తల వంచుకుని ఉంది. ఆయన జాబితాని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నారు. మళ్ళీ “పోలి...” అన్నారు. కుక్కని అండి అనే మనిషండి ఆయన. చచ్చిపోయినవాణ్ణి, కూతురు ముందు, గాడు అనడానికి ఆ నోరు తిరగలేదు.

“...గారు” అన్నారు.

“సరిపోయిందండి” అన్నాను నేను.

ఏఈ గారు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు. “రేపు క్రేన్ పొద్దున్నే వస్తుందండి” అని జీపెక్కబోయి, మళ్ళీ దిగారు. ఫైల్లోంచి తెల్లకాగితం తీసి జీపు బానెట్ మీద పెట్టి రాశారు. మన దగ్గర రేషను కార్డులో ఒక పేరూ ఆధార్‌లో ఒక పేరూ ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివని ఆఫీసులో కాగితం ఇస్తారు కదా. అదే. పాత రికార్డులోని పోలిగాడు, స్మారకం మీది పోలిగారు, చిట్టెమ్మ తండ్రి పోలయ్య, ముగ్గురూ ఒక్కరే అని. కింద సంతకం. “పైన నేను మాట్లాడుకుంటానండి మామ్మగారూ” అన్నారు. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆయన పైన మాట్లాడారో, మాట పడ్డారో నాకు తెలియదు. ప్రారంభం రోజున మైకులో పదకొండు పేర్లూ చదివారు. ఆఖరున పోలిగారు అన్నప్పుడు వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు. జనగణమనకి ఇంకా టైముంది. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ పక్కవాళ్ళూ లేచారు. వాళ్ళని చూసి ముందువాళ్ళూ లేచారు. వేదిక మీద పెద్దాయన కూడా ఏదో అయిందనుకుని లేచాడు.

ఆ ఏడు తరవాత నా పనిలో ఒక్కటి మారింది. పేరు కాగితం మీద రాసి తెచ్చినవాళ్ళని, దాన్ని పక్కన పెట్టి ఆ మనిషి ఎదురుగా ఉంటే ఎలా పిలుస్తారో అలా ఒకసారి పైకి పిలవమంటాను. కొందరికి విసుగు. కొందరు పిలవబోయి ఏడుస్తారు. తప్పులు మాత్రం అక్కడే బయటపడతాయి. కంటికి కనపడని తప్పు నోటికి అడ్డం పడుతుంది. ఏడో తరగతి మూడోసారి చదివినా ఇది చెప్పేవాళ్ళు కాదు.

చేత్తో చెక్కే ఆర్డర్లు ఆ తరవాత రాలేదు. కంప్రెసర్ చప్పుడుకి చెవులు అలవాటు పడ్డాయి. పోయిన వేసవిలో ఒకతను బైకు మీద షాపుకి వచ్చాడు. మామ్మ పోయిందండి, సమాధి రాయి కావాలి, మీరే చెయ్యాలని చెప్పి పోయింది అన్నాడు. నాకు చింతకాయ పచ్చడి వాసన వచ్చింది.

“పేరేం రాయాలి బాబూ? కాగితం వద్దు, పైకి చెప్పు” అన్నాను.

“ఎలా రాయాలో కూడా తనే చెప్పిందండి. ‘పోలిగారి కూతురు చిట్టెమ్మ’ అని.”

మెషీన్ ఆపేశాను. షాపు వెనకే ఉన్న మా ఇంట్లో అటక మీంచి పెదనాన్న ఉలి దింపి, నూనె రాసి, సాన పట్టి, చెక్కడం మొదలెట్టాను. ఆ ‘రి’ దగ్గర చప్పుడు మారడం విని మా ఆవిడ లోపల్నుంచి అడిగింది, “ఎవరిదండీ?” అని.

“నాకు అన్నం పెట్టినావిడది” అన్నాను. ఈసారి నమ్మింది.